మూడో కోత

పుంగనూరు బస్టాండులో నేను దిగేసరికి, ఎవరి ముఖం చూడకూడదనుకున్నానో ఆయనే కారు తలుపు తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నారని చెప్పి క్రితం వారం ఈ శీర్షికలో ఆపాను. నా చేతిలో చిన్న మట్టి కుండీ ఉంది. అందులో నా భార్య విక్టోరియా పదకొండేళ్లు పెంచిన కాక్టస్ ఉంది. పదకొండేళ్లకు పది రూపాయల బిళ్ళంత అయింది. ఆ ఉదయం వేలితో తాకితే మొదలు దగ్గర మెత్తగా తగిలి, పక్కకు ఒరిగింది. కుప్పం దగ్గర ఒక నర్సరీలో మారెమ్మ అనే ఆవిడ ఇలాంటివాటిని కోసి, అంటు కట్టి బతికిస్తుందని విని, నర్సరీకి ఫోను చేసి, స్కూలుకు సెలవు పెట్టి మదనపల్లెలో బస్సెక్కాను.

కారు తలుపు పట్టుకున్నది వరదరాజులు గారు. డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్పి రిటైరయ్యారు. మూడేళ్లు కావస్తోంది, ఒక డిసెంబరులో మా స్కూలు ఆవరణలో జరిగిన మొక్కల ప్రదర్శనకు ఆయన న్యాయనిర్ణేత. విక్టోరియా ఈ కుండీ ముందు రాసి పెట్టిన జాతి పేరును ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన ఇంకో పేరు రాశారు. అది అందరూ చూశారు.

"నర్సరీవాళ్లు చెప్పినారు సార్, మీరు పోతాండారని. ఇంకో రెండు బస్సులు మారితే ఆ కుదుపుకే పోతుంది. ఎక్కండి," అన్నారు.

ఎక్కాను. మొక్క కోసం ఎక్కాను.

పలమనేరు దాటేదాకా కుండీని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. బైరెడ్డిపల్లె దగ్గర ఆయన, "పూసిందా ఎప్పుడన్నా?" అని అడిగారు.

"లేదు."

అంతే. కానీ ఆ ఒక్క ప్రశ్నలోనే మా తగాదా అంతా ఉంది. మెక్సికోలో రెండు చిన్న కాక్టస్ జాతులున్నాయి. రెంటికీ పేలదువ్వెన పళ్లలాగా తెల్లటి ముళ్లు, ఒంటికి అంటుకుని వరుసలుగా ఉంటాయి. పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్లని అనుకుంటాం. నిజానికి చుట్టరికం అంత దగ్గరిది కాదు. ఒకదాన్ని గుచ్చితే తెల్లటి పాలు కారతాయి. దానికి పూలు నెత్తికి కాస్త కిందుగా, తలపాగా చుట్టినట్టు చుట్టూ పూస్తాయి. రెండోదానికి పాలుండవు. పువ్వు సరిగ్గా నడినెత్తిన పూస్తుంది. ఈ రెండోది ఇంకా నిదానం, ఇంకా మొండి. మన వైపు దాన్ని విత్తనం నుంచి పెంచినవాళ్లు తనకు తెలిసి లేరని వరదరాజులు గారి వాదన. విక్టోరియాది ఆ రెండోదే అని విక్టోరియా మాట.

ఆమె ఆ మాట ఊరికే అనలేదు. మిషన్ ఆస్పత్రి ల్యాబులో ఇరవై ఆరేళ్లు రక్తకణాలు లెక్కపెట్టిన మనిషి. బెంగుళూరు నుంచి పోస్టులో పది విత్తనాలు తెప్పించుకుంది. ఆవగింజలో సగం కూడా లేవు. మూడు మొలిచాయి. వాటిలో రెండు కొన్నాళ్లకు కనబడకుండా పోతే, చచ్చిపోయాయనుకున్నాను. అడగలేదు. మిగిలిన ఈ ఒక్కదాని ముళ్లను ఆమె భూతద్దం కింద పెట్టి లెక్కపెట్టింది. ఒక్కో కుచ్చులో నలభై ఎనిమిది, యాభై ఒకటి, నలభై ఏడు. పాలుండే జాతికి నలభై దాటవట. ఆ లెక్క నోటుపుస్తకంలో రాసుకుని, ఆ తర్వాతే పేరు రాసింది.

ఆ రోజు ప్రదర్శనలో వరదరాజులు గారు, "ముండ్ల లెక్క సాక్ష్యం కాదమ్మా. ఒక సూది తీసుకోని ఒక్క పోటు గుచ్చు. పాలొస్తాయో రావో తెలిసిపోతుంది," అన్నారు.

విక్టోరియా నవ్వింది. "రోజంతా మనుషుల్ని గుచ్చేదాన్ని సార్. ఇంటికొచ్చి దీన్ని కూడా గుచ్చల్లా? పూసినప్పుడు అదే చెప్తుంది లెండి."

అది పూయలేదు. మొన్న జులైలో విక్టోరియా పోయింది.

*

నర్సరీ గుడుపల్లెకు వెళ్లే దారిలో ఉంది. షేడ్‌నెట్ కింద పొడుగాటి బల్లలు, బల్లల నిండా ట్రేలలో టమాటా నారు. ఇరవై మంది దాకా ఆడవాళ్లు వరుసగా కూర్చుని, వంగ మొక్క తల తీసేసి, ఆ వేరు మీద టమాటా తల పెట్టి, చిన్న క్లిప్పు వేస్తున్నారు. కోత, అతుకు, క్లిప్పు. మళ్లీ కోత. మధ్యమధ్య ఎవరో ఎవరి మరిదినో ఎగతాళి చేస్తున్నారు, అందరూ నవ్వుతున్నారు, చేతులు మాత్రం ఆగడం లేదు.

మారెమ్మకు యాభై ఉంటాయి. ఒకప్పుడు మదనపల్లె చుట్టుపక్కల తోటల్లో టమాటా కాయలు కోసే కూలి. ఇప్పుడు నెల జీతం. మెడలో నర్సరీ కార్డు వేలాడుతోంది. ఆ బల్లల దగ్గర కూర్చున్నవాళ్లలో సగం మందికి పని నేర్పింది ఆమేనట. బెంగుళూరు దుకాణాలకు పోయే రంగురంగుల అంటు కాక్టస్‌లు కూడా ఆమె చేతి మీదే తయారవుతాయి.

కుండీ తీసుకుని ముందు మొక్కను చూడలేదు ఆమె. మట్టిని చూసింది. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది. వాసన చూసింది. తర్వాత నా ముఖం చూసింది.

"ఇంట్లో ఎవురన్నా పోయినారా సార్?"

"నా భార్య," అన్నాను. "మీకెట్లా తెలిసింది?"

"ఇట్లాంటివి అట్లాంటి ఇండ్లల్లోనుంచే వస్తాయి సార్. సెట్లు పెంచే మనిషి పోతే, ఇంట్లోవాళ్లకు ఏం సెయ్యల్లో తెలీదు. నీళ్లు పోస్తారు. ఇంగా పోస్తారు."

"పలకరించడానికి వచ్చినవాళ్లు పోశారు," అన్నాను. అది అబద్ధం కాదు. మా ఇంటికి వచ్చిన ఒక్కొక్కరూ, పాస్టరు గారి భార్య, ఆస్పత్రి నర్సులు, మా స్కూలువాళ్లు, ఏం మాట్లాడాలో తెలియక పెరటి గోడ దగ్గరికి పోయి, 'విక్టోరియా మొక్కలు' అంటూ తలా గ్లాసు నీళ్లు పోసి వెళ్లారు. ఆ సంగతి రెండు వారాల కిందట ఇక్కడే రాశాను. తప్పు వాళ్లదేనన్నట్టు రాశాను.

మారెమ్మ తల అడ్డంగా ఊపింది. "వచ్చినోళ్లు ఎన్నాళ్లు వస్తారు సార్? పది దినాలు, పదైదు దినాలు. ఆ తడి ఈపాటికి ఆరిపోయుంటాది. ఇది దినామూ పోసిన తడి. దినామూ పొద్దున ఒకే యాళకు. అడుగున సూడండి, పాచి ఎట్ల పట్టిందో."

వరదరాజులు గారు పక్కకు తిరిగి టమాటా ట్రేలను చూడసాగారు. ఆయన ఆ మర్యాద పాటించకపోతే నేను నిజం చెప్పి ఉండేవాణ్ణి కాదేమో.

"నేనే పోశాను," అన్నాను. "రోజూ ఒక గ్లాసు. ఆమె అలాగే చేసేది. పొద్దున్నే గ్లాసు పట్టుకుని దీని దగ్గర నిలబడేది. పాతికేళ్లు చూశాను. మొక్కల దగ్గర అలా నిలబడటం."

"ఆయమ్మ పోస్తాంటే సూసినారా?"

చూశానా? గ్లాసు చూశాను. ఆమె వీపు చూశాను. వంగి ఉన్న తల చూశాను. గ్లాసు ఖాళీ అయి లోపలికి రావడం చూశాను. ఆ నీళ్లు ఎటు పోయాయో చూడలేదు. ఇరవై మంది ఆడవాళ్లు పని చేస్తున్న ఆ షేడ్‌నెట్ కింద నిలబడి ఉండగా నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. వంటింటి కిటికీలో చిన్న తెల్లటి సీసా. థైరాయిడ్ మాత్రలు. పరగడుపున, పొద్దున్నే, ఒక గ్లాసు నీళ్లతో వేసుకోవాలి.

"మాత్ర వేసుకునేది," అన్నాను. "మాత్ర వేసుకుంటూ దీన్ని చూసేది. అంతే."

మారెమ్మ నన్ను ఓదార్చలేదు. అందుకు ఇప్పటికీ ఆమెకు రుణపడి ఉన్నాను. "ఆయమ్మ తాగే నీళ్లు దీనికి తాపించినారు," అంది, జ్వరం చూసి నర్సు అంకె చెప్పినట్టు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది. "సరే. కొయ్యల్ల. కుళ్లు యాడ ఆగితే ఆడ ఆపుతా. ఏమీ మిగలకపోతే నన్ను అనకూడదు."

"అనను."

"మారెమ్మా," అన్నారు వరదరాజులు గారు. "కోసినప్పుడు పాలు వస్తాయేమో కాస్త సూడు."

"పాలా? ఇదేమన్నా ఎనుమా పెద్దసార్?"

పక్క బల్ల దగ్గర నవ్వులు. ఆయన కూడా నవ్వారు, చెవుల దాకా ఎర్రబడి. ఆ తర్వాత ఆమెకు విషయం చెప్పారు. పాలొస్తే తాను రాసిన పేరు, రాకపోతే ఆయమ్మ రాసిన పేరు. ఎర్ర సిరా సంగతి కూడా దాచకుండా చెప్పారు.

మారెమ్మ నా వైపు తిరిగింది. "మీకు ఇది బతకల్లా, పేరు గెలవల్లా?"

"బతకాలి," అన్నాను. సగమే నిజం చెప్పాను. ఆ ఎర్ర గీత పడిన రోజు విక్టోరియా ఇంటికొచ్చి, చీర మార్చుకోకుండా చాలాసేపు కూర్చుంది. అది నేను మరిచిపోలేదు.

*

బ్లేడు కొత్తది. స్పిరిట్‌తో తుడిచింది. ఆ వాసనకు నేను సిద్ధంగా లేను. ఇరవై ఆరేళ్లు సాయంత్రం ఆరు గంటలకు మా గుమ్మంలోకి వచ్చిన వాసన అది.

మొదటి కోత. వేర్లతో సహా కింది ముక్క ఊడి వచ్చింది. లోపల కుళ్లిన బంగాళాదుంపలా ఉంది. ఆమె దాన్ని పక్కన పడేసి బ్లేడు మళ్లీ తుడిచింది. ఒక్కో కోతకు తుడవాలట. లేకపోతే కుళ్లును మనమే పైకి మోసినట్టవుతుంది.

రెండో కోత. ఈసారి లోపల లేత ఆకుపచ్చగా ఉంది. నాకు ఊపిరి వచ్చింది. ఆమె మాత్రం ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టి, నడుమ ఉన్న సన్నటి వలయాన్ని గోటితో చూపించింది. ఆ వలయంలో ఒకచోట మిరపగింజంత గోధుమరంగు చుక్క. "ఇది నరం. ఈడ ఉండాదంటే పైన కూడా పాకింటాది."

"పాలు?" అన్నారు వరదరాజులు గారు మెల్లగా.

"కుళ్లు తగిలిన కండలో ఏం తెలుస్తాది పెద్దసార్? ఉండండి."

మిగిలింది ఎంతో నాకు తెలుసు. ఇంకొక్క కోతకు సరిపోతుంది. రెండు కోతలకు సరిపోదు. మారెమ్మకూ అది తెలుసు. పక్క బల్ల దగ్గర నవ్వులు ఆగిపోయాయి. ఆమె మొక్కను ఎడమ చేతి మూడు వేళ్ల మధ్య తలకిందులుగా పట్టుకుంది. ముళ్లు విరగకుండా అంత చిన్నదాన్ని ఎలా పట్టుకోవాలో నాకు అర్థం కాదు. నొక్కినట్టు లేదు, జారనిచ్చినట్టూ లేదు. అప్పుడే పుట్టిన బిడ్డ తలను నర్సులు అలా పట్టుకోవడం చూశాను. బ్లేడు దాని మీదికి దిగలేదు. అడ్డంగా, ఒక్క లాగుతో, తనవైపుకు వచ్చింది.

మూడో కోత.

వలయం శుభ్రంగా ఉంది. చుక్క లేదు, మచ్చ లేదు. ముగ్గురం వంగి చూశాం. పాలుండే జాతి అయితే ఈపాటికి తెల్లటి బొట్లు పైకి ఉబకాలి. కోసిన దోసకాయ మీద కనిపించేంత తడి మాత్రం మెరిసింది. మారెమ్మ వేలితో అద్దుకుని బొటనవేలితో రుద్ది చూసింది. "జిగట కూడా లేదు సార్. ఉత్త నీళ్లే."

వరదరాజులు గారు జేబులోనుంచి భూతద్దం తీశారు. చాలాసేపు చూశారు. ఆయన పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నారని కొంతసేపటికి తెలిసింది.

"నలభై తొమ్మిది," అన్నారు తల ఎత్తకుండా. "ఆయమ్మ ఎంత రాసింది?"

"నలభై ఎనిమిది, యాభై ఒకటి, నలభై ఏడు."

ఆయన భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఆ పొద్దు నేను ఒక్క కుచ్చు కూడా లెక్కపెట్టలేదు జయరత్నం సార్. ఇక్కడ ఎవరూ పెంచలేరు కాబట్టి ఈమె కూడా పెంచలేదు అనుకున్న్యా. నలభై ఏండ్లు పిల్లలకు సెప్పింది ఏంది నేను? చూసి చెప్పండి అని."

ఏదో అనబోయాను. మారెమ్మ అననివ్వలేదు. "మాటలు తర్వాత సార్లూ. ఆరిపోతాండాది."

డ్రాగన్ ఫ్రూట్ కాడ ఒకటి కుండీలో సిద్ధంగా ఉంది, జానెడు పొడవు. దాని తల కోసింది. మూడు అంచులనూ పెన్సిల్ చెక్కినట్టు చెక్కింది. దాని నడుమ కూడా సన్నటి వలయం ఉంది. విక్టోరియా మొక్కను దాని మీద పెట్టి, గాలి బుడగ మిగలకుండా నొక్కి, ఒక వెంట్రుకవాసి పక్కకు జరిపింది.

"ఈ సుట్టు మీద ఆ సుట్టు అచ్చంగా కూర్చుంటాదని అనుకోకూడదు. దీనిది చిన్నది, దాంది రవంత పెద్దది. రెండూ యాడో ఒకసోట దాటల్ల. ఆడ కలుసుకుంటాయి. కలుసుకుంటే చాలు."

నూలు దారం రెండు చుట్లు, అడ్డంగా మళ్లీ రెండు చుట్లు. టమాటా అంట్లను తడి గదిలో పెడతారట. దీనికి పొడి నీడ కావాలి. పదకొండు రోజులు దారం విప్పకూడదు. విప్పినప్పుడు ఊడి రాకపోతే బతికినట్టు. అన్నాళ్లూ తన దగ్గరే ఉంచుకుంటానంది.

దారం కింద మిగిలింది చింతగింజ మందం. పదకొండేళ్లలో అది కూడా విక్టోరియా పెంచిందే. నెత్తి మీద తెల్లటి ముళ్లు మాత్రం ఒక్కటీ చెదరలేదు. ఇరవై ఆరేళ్లు ఒక చేతి పనితనం ఇంట్లో చూశాను. అదే పనితనం ఇంకో చేతిలో, చదువు వేరు, ఊరు వేరు, మతం వేరు, ఇలా కనిపిస్తుందని నేను అనుకోలేదు.

"నీళ్లు ఎప్పుడు..." అని అడగబోయాను.

మారెమ్మ నడుం మీద చేయి పెట్టుకుంది. "సార్, మీరు దీని దిక్కు గ్లాసు పట్టుకోని రావద్దు. మీ మాత్రలేమన్నా ఉంటే ఇంట్లోనే ఏసుకోని రండి."

బల్లల దగ్గర మళ్లీ నవ్వులు. జులై తర్వాత నేను నవ్వింది అప్పుడే.

*

మధ్యాహ్నం కావస్తుండగా లేచాం. మారెమ్మ పాత కుండీని గోనెపట్ట మీద బోర్లించి మట్టి విదిల్చింది. పిల్ల మొక్క ఏదైనా దాక్కుని ఉంటుందేమోనని వేళ్లతో వెతికింది. పిల్ల మొక్క లేదు. సన్నటి తెల్లటి ప్లాస్టిక్ ముక్క ఒకటి బయటపడింది. ఆమె దాన్ని చీర చెంగుతో తుడిచి నాకిచ్చింది.

"పేరు సీటీ సార్. ఎండకు రాత ఎలిసిపోతాదని లోపల పెడతారు, తెలిసినోళ్లు."

పెన్సిల్ రాత. విక్టోరియాదే. రక్తం సీసాల మీద రాసినట్టు చిన్నగా, నిటారుగా రాసింది. మొదట 'మూడింట్లో మూడోది' అని ఉంది. కింద మట్టి మార్చిన తేదీలు. వాటి కింద ఇంకో రెండు వరుసలు.

'ఒకటి, రెండు: సదుం.'

'ఒకటోది పూసింది. 19-2-23. నడినెత్తిన. చూశాను.'

రెండుసార్లు చదివాను. చీటీని వరదరాజులు గారి చేతిలో పెట్టాను. ఆయన చదివి, తేదీ దగ్గర ఆగిపోయారు. ఎర్ర సిరా పడిన రెండు నెలలకే ఆమె చేతికి రుజువు దొరికింది.

"ఆ తర్వాత మూడుసార్లు నాకు రక్తం తీసింది సార్," అన్నారు, కారు దగ్గరికి నడుస్తూ. "షుగరు టెస్టుకు పోతాంటి. నొప్పి పెట్టిందా సార్ అని అడిగింది. అంతే. ఒక్క మాట అనలేదు."

కారులో కూర్చున్నాక ఫోనులో ఏదో చూశారు. "ఆ తేదీ ఆదివారం."

ఆదివారాలు మేమిద్దరం చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చుంటాం. ఆమె రాని ఆదివారాలు చాలా తక్కువ. ఆ ఫిబ్రవరిలో ఒకటుంది. అత్యవసర డ్యూటీ అని పొద్దున్నే వెళ్లింది. ఆరాధన అయ్యాక నేను క్యారియర్ తీసుకుని ఆస్పత్రికి వెళ్లాను. ల్యాబుకు తాళం వేసి ఉంది. క్యారియర్ వాచ్‌మన్‌కు ఇచ్చి వచ్చేశాను. సాయంత్రం ఆమె ఖాళీ క్యారియర్‌తో ఇంటికొచ్చింది. ఆ రోజు ఆమె ముఖంలో ఉన్నంత వెలుగు మా పెళ్లినాడు కూడా నేను చూడలేదు. ఎక్కడికి వెళ్లావని అడగలేదు. ఆమె సంతోషం చెడగొట్టడం ఎందుకనుకున్నాను. అప్పుడు నాకు నేను చెప్పుకున్న మాట అది.

సదుంలో మాకు చుట్టాలు లేరు. స్నేహితులు లేరు. ఆ ఊరి పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తగా నేను వినలేదు. అక్కడ ఎవరో ఆమె ఇచ్చిన రెండు మొక్కలను నీళ్లు ఎక్కువ పోయకుండా, పువ్వు పూసేదాకా పెంచారు. పూసినప్పుడు ఆమెను పిలిచారు.

వరదరాజులు గారు కారు పోనిచ్చారు. పుంగనూరు చేరాక, మదనపల్లె రోడ్డు, సదుం రోడ్డు విడిపోయేచోట కారు పక్కకు ఆపి, స్టీరింగు మీద రెండు చేతులూ ఉంచి ఎదురుచూశారు. ఖాళీ కుండీ నా ఒళ్లో ఉంది. చీటీ నా చొక్కా జేబులో ఉంది.

"సదుం," అన్నాను.